బోరు చేయించిన ట్రాక్టరును ఎలా నడపాలి?



పొలం పని లేని వేసవిలోనే మనం ట్రాక్టరు ఇంజను విప్పదీయిస్తాం. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పించి, వేలకు వేలు పోసి బండిని ఇంటికి తెచ్చాక రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. ఒకరు మర్నాడే నల్లరేగడిలో లోతుదుక్కికి దిగుతారు. ఇంకొకరు పసిబిడ్డలా చూసుకోవాలని చెట్టుకింద నిలబెట్టి గంటల తరబడి వట్టిగా తిప్పుతారు. మొదటివారిది తొందరపాటని అందరూ ఒప్పుకుంటారు. రెండోవారు చేసేదీ చెరుపేనంటే మాత్రం నమ్మరు.

తిరగలికి గంట్లు కొట్టించడం మీకు తెలుసు. బళ్లారి వైపు బీసుకల్లు అన్నా అదే. కొత్త లైనరు లోపల కూడా సన్నని అడ్డగీతలుంటాయి. రింగు వాటిమీద ఒరుసుకుని సందులేకుండా కూర్చోవాలి. రింగును గోడకు అదిమేది దాని సొంత బిగువు ఒక్కటే కాదు. సిలిండరులో మండిన వాయువు రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి నెడుతుంది. లోడు లేకపోతే డీజిలు తక్కువ పడుతుంది, మంట బలం తగ్గుతుంది, రింగు సరిగా ఒరుసుకోదు. ఆయిలు గోడమీద గాజుపూతలా పేరుకుంటుంది. ఆ పైన ఇంజను ఆయిలు తాగుతుంది, నీలిపొగ వదులుతుంది. నింద మెకానిక్ మీద పడుతుంది. చాలాసార్లు మళ్లీ విప్పి లైనరుకు గీతలు పెట్టించడమే గతి.

తొలిసారి స్టార్టు చేసేముందు నీళ్లు, ఆయిలు, ఎయిర్ క్లీనరు చూసుకోండి. స్టాప్ లాగిపట్టి సెల్ఫు కొద్దికొద్దిసేపు కొట్టండి. ఆయిలు ప్రెషరు ముల్లు కదిలాకే స్టాప్ వదలాలి. ఇంజను అందుకున్నాక ముల్లు పడిపోతే ఆ క్షణమే ఆపేయండి. అన్నీ బాగుంటే 1000, 1200 చుట్ల మీద నీళ్లు వేడెక్కనిచ్చి, లీకులు చూసి, పనికి తీసుకెళ్లండి. హెడ్డు బోల్టులు మళ్లీ బిగించాలా అన్నది బండి పుస్తకం చూసి, మెకానిక్‌ను అడిగి చేయండి. అన్ని గాస్కెట్లకూ ఒకే పద్ధతి లేదు.

ఏం పని? సగం లోడు ట్రాలీ, మెత్తని నేలలో కల్టివేటరు. వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ నడపండి. నల్లపొగ కక్కిందంటే బరువు ఎక్కువైనట్టు. గేరు తగ్గించండి. మొదటి 50 గంటలూ పెద్ద మడక వద్దు, దమ్ముకు కేజీవీల్స్ అసలే వద్దు.

గంట్లు కొట్టించాక తొలి పిండిలో రాతిపొడి ఉంటుందని పారబోస్తాం కదా? తొలి ఆయిలులోనూ అలాగే ఇనుప రజను ఉంటుంది. చూడటానికి బాగుందని ఉంచకండి. 50 గంటలకు, పుస్తకం ఇంకా ముందే అంటే ముందే, ఫిల్టరుతో సహా మార్చండి. అప్పుడే ట్యాపెట్ల సందు కూడా సరిచూపించండి.

రోజూ పొద్దున డిప్‌స్టిక్ చూసి, మీటరు గంటలతో పాటు కాగితం మీద రాసుకోండి. ఆయిలు మట్టం తగ్గడం ఆగి నిలకడగా ఉందంటే రింగులు కూర్చున్నట్టే. మృగశిర వానలకు ముందే ఈ 50 గంటలు పూర్తికావాలంటే, బండిని వేసవి మొదట్లోనే షెడ్డుకు పంపండి.