గోడ బీటలిచ్చిందా? పూడ్చే ముందు కారణం కనుక్కోండి

ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తరాలుగా రైలును నమ్ముకుని బతుకుతున్న తెలుగు కుటుంబాలున్నాయి. ఉద్యోగం ఉన్నంతకాలం క్వార్టర్ ఉంటుంది. రిటైరయ్యాక ఖాళీ చేయాలి. చేతికొచ్చిన సొమ్ముతో కట్టుకున్న ఇంట్లో కాంక్రీట్ బ్లాకు గోడ బీటలిస్తే గుండె గుభేలుమంటుంది. మేస్త్రీ సిమెంటు పూసి వెళ్తాడు. కొన్నాళ్లకు అక్కడే మళ్లీ బీట. కారణాన్ని వదిలేసి బీటను మాత్రమే పూడిస్తే జరిగేది ఇదే.

ఏ బీట ఏం చెబుతుంది?

గోడ మధ్యలో నిలువుగా, పైనుంచి కింది వరకు ఒకే వెడల్పుతో ఉంటే చాలావరకు బ్లాకులు ఆరి కుంచించుకుపోయినట్టే. భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 ప్రకారం బ్లాకులకు 14 రోజులు క్యూరింగ్ చేసి, మరో 4 వారాలు ఆరబెట్టాకే వాడాలి. పచ్చి బ్లాకులతో కడితే ఆ కుంచింపంతా గోడలోనే జరుగుతుంది. ఆ ప్రమాణం అనుమతించే 0.06 శాతం కుంచింపే 4 మీటర్ల గోడకు 2.4 మిల్లీమీటర్లవుతుంది. పట్టాల మధ్య ఎడం ఎందుకో తెలిసిన రైల్వే ఊరికి, పొడవాటి గోడకూ జాయింటు కావాలని వేరే చెప్పనక్కర్లేదు.

శ్లాబు కిందే అడ్డంగా ఉంటే, ఎండకు శ్లాబు సాగి రాత్రికి ముడుచుకోవడం వల్ల కావచ్చు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా వస్తే లింటెల్ చూడాలి. మాలు అతుకుల వెంట మెట్లు మెట్లుగా పాకితే పునాది ఒకవైపు కుంగుతోందేమో అనుమానించాలి. ఇక్కడి ఎర్ర లాటరైట్ నేల నల్లరేగడిలా ఉబ్బదు. కానీ మెరక పోసిన మట్టిలోకి వాన నీరు దిగితే కుంగుతుంది.

కదులుతోందా, ఆగిందా?

బీట రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. వెడల్పూ కొలిచి రాసుకోండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గమనించండి.

ఆగిన సన్న బీటను ‘వి’ ఆకారంలో చెక్కి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన మాలుతో నింపితే చాలు. ఎండకూ చలికీ కదిలే బీటలో గట్టి సిమెంటు నిలవదు. సాగే సీలెంట్ కావాలి. మెట్ల బీటకు ముందు నీటి సంగతి చూడాలి. చూరు నీళ్లు, మురుగు కాలువ పునాది దగ్గర ఇంకకుండా దారి మళ్లించాలి.

బీట 5 మిల్లీమీటర్లు దాటినా, పెరుగుతూనే ఉన్నా, గోడ ఉబ్బినా, తలుపులు పట్టేస్తున్నా మేస్త్రీతో సరిపెట్టకూడదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాలి. ఆ ఫీజు, గోడ పడగొట్టి కట్టే ఖర్చు కన్నా తక్కువే.