గిటారు వాల్వు ఆంప్లిఫయరు: తగ్గు ధ్వనియు, హెచ్చు ధ్వనియు

విద్యుద్గిటారును మీటినంతమాత్రమున దూరమునకు వినబడు నాదము పుట్టదు. సాధారణమైన కొయ్యగిటారునకు డొల్లపెట్టె కలదు. తంత్రుల కంపనము ఆ పెట్టెను, దానిలోని గాలిని కదలించుటచే ధ్వని పెద్దదగును. విద్యుద్గిటారులలో పెక్కింటికి అట్టి పెట్టె లేదు. దళసరి పలక మాత్రమే యుండును. తంత్రుల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగ చుట్టలును అమర్చబడియుండును. ఉక్కుతంత్రి కదలినపుడు ఆ చుట్టలో మిక్కిలి స్వల్పమగు విద్యుత్తు జనించును. దానిని పెంచి లౌడుస్పీకరునకు పంపు యంత్రమునకే ఆంప్లిఫయరని పేరు.

ఈ యంత్రమునందు, ముఖ్యముగా వాల్వులతో చేయబడిన దానియందు, ఒక వింత కలదు. వాల్యూము నాబును రెండవ అంకెవద్ద నుంచి వాయించినయెడల స్వరము స్వచ్ఛముగాను, కొంచెము పలుచగాను వినబడును. ఎనిమిదవ అంకెకు త్రిప్పినచో అది పెద్దదగుటయే గాక వేరొక వాద్యమువలె మారును. స్వరము చిక్కనై, గరగరలాడుచు, మీటిన తరువాత చాలసేపు నిలుచును. తండ్రి "నాయనా, ఆ చప్పుడు తగ్గింపుము" అని కేకవేసినపుడు కుమారుడు "తగ్గించిన ఆ ధ్వని రాదు నాన్నగారూ" అని బదులుచెప్పుట గిటారుగల యిండ్లలో సామాన్యము. ఇది కేవలము మొండితనము కాదు. కుమారుని మాటలో చాలవరకు సత్యమున్నది. తండ్రి కోరికయందును అంతకు తక్కువకాని న్యాయమున్నది. దానిని ముందు చెప్పుదును.

మొదట వాల్వు అన నేమో తెలిసికొనవలెను. ఈనాటి పిల్లలు దానిని చూచియుండకపోవచ్చును గాని వారి తాతలు బాగుగ నెరుగుదురు. పూర్వపు రేడియోపెట్టెలను తెరచినపుడు లోపల ఎఱ్ఱగా వెలుగుచుండిన గాజుబుడ్లే అవి. మీట నొక్కిన తరువాత అవి వేడెక్కువరకు రేడియో పలుకకుండెడిది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ యొకప్పుడు ఇట్టి వాల్వులను మన దేశముననే తయారుచేసెను. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు రెండు అంగములు గల వాల్వును కనిపెట్టెను. కొలది సంవత్సరములలోనే అమెరికాలో లీ డి ఫారెస్టు దానికి మూడవ అంగమును చేర్చెను. గాలి తీసివేయబడిన గాజుబుడ్డిలో కాథోడు వేడెక్కి ఎలక్ట్రానులను వెలువరించును. అవి ఎదుటనున్న ప్లేటువైపు పరుగెత్తును. నడుమనుండు గ్రిడ్డు అను తీగెల కంచె ఆ ప్రవాహమునకు తలుపువంటిది. గ్రిడ్డుమీద విద్యుత్పీడనము కొంచెము మారినచో ప్లేటుకు చేరు ప్రవాహము మిక్కుటముగా మారును. కాలువ తూమువద్ద చిన్న తలుపును బెత్తెడు కదల్చి పెద్ద నీటిని హెచ్చించుట తగ్గించుట వంటిదే యిది.

గిటారునుండి వచ్చు స్వల్పవిద్యుత్తును మొదట చిన్న వాల్వులు పెంచును. అందు 12ఏఎక్స్7 అనునది ప్రసిద్ధము. పిదప ఇఎల్34, 6ఎల్6 మొదలగు పెద్ద వాల్వులు దానికి బలము చేకూర్చి, ట్రాన్సుఫార్మరు ద్వారా స్పీకరునకు పంపును. వచ్చునది స్వల్పముగా నున్నంతవరకు పోవునది దానికి సరియైన పెద్ద ప్రతిబింబమే. తగ్గు ధ్వనియందు స్వరము స్వచ్ఛముగా నుండుటకు కారణమిదియే.

అయితే తలుపునకు రెండు హద్దులు కలవు. పూర్తిగా మూసిన పిమ్మట ఇంక మూయలేము. పూర్తిగా తెరచిన పిమ్మట ఇంక తెరువలేము. గిటారునుండి వచ్చు తరంగము ఈ హద్దులను దాటినపుడు దాని శిఖరములు తెగి చదునగును. తక్కువ యెత్తు పైకప్పు గల వసారాలో బాలుడు ఎగిరినచో తల తగిలి అచ్చటనే ఆగిపోవునుగదా! వాల్వునకు గల విశేషమేమనగా, ఈ తాకుడు ఒక్కుమ్మడిగా గాక క్రమక్రమముగా జరుగును. శిఖరము తెగుటకు ముందు వంగును. వాల్వుల ధ్వని కటువుగా నుండక ఇంపుగా నుండునని వాదకులు చెప్పుటకు ఇదొక ముఖ్యకారణము.

శిఖరము చదునైనచో చెవికి వినబడునదేమి? క్రొత్త స్వరములు. సెకండునకు 110 కంపనములు గల స్వరమును వాయించితిమనుకొందము. తరంగపు ఆకారము చెడినపుడు 220, 330, 440, 550 కంపనముల ఉపరిస్వరములు దానికి చేరును లేక బలపడును. పెద్ద వాల్వులను జంటగా ఎదురెదురు పనిచేయునట్లు అమర్చినచోట 220, 440 వంటి సరిసంఖ్యవి ఒకదానితో నొకటి కొట్టివేయబడి, 330, 550 వంటి బేసిసంఖ్యవి మిగులును. ఒంటివాల్వు గల చిన్న యంత్రములలో రెండు విధములును వినబడును. స్వరము చిక్కనగుట యనునది ఇదియే.

రెండు స్వరములు కలిపి వాయించినపుడు మరింత విచిత్రము జరుగును. ఆ రెంటి కూడికయు, తీసివేతయు సహితము స్వరములై బయలుదేరును. మన సంగీతభాషలో చెప్పవలెనన్న, షడ్జమును 110గా తీసికొనిన పంచమము 165. వీని భేదము 55. అది యదే షడ్జమునకు క్రిందిస్థాయి షడ్జము! కావున సా-పాలు కలిపిన ధ్వని ఎంత హెచ్చించినను చెడక, పైపెచ్చు గంభీరమగును. గాంధారము చేరినచో సంగతి వేరు. శుద్ధమైన అంతరగాంధారము 137.5 కాగా, గిటారు మెట్లమీద దొరకునది సుమారు 138.6. షడ్జమునుండి భేదము 27.5 కావలసినచోట 28.6 వచ్చి అపశ్రుతి పలుకును. హెచ్చు ధ్వనితో వాయించు బృందములవారు మూడుస్వరముల మేళనమును విడిచి రెండుస్వరములకే అంటిపెట్టుకొనుట సోమరితనమువలన గాదు, ఈ గణితమువలన.

శిఖరములు తెగుటవలన మరియొక ఫలము కలదు. గట్టిగా మీటినదియు మెల్లగా మీటినదియు దాదాపు ఒకే యెత్తునకు వచ్చును. తంత్రి బలము తగ్గుచున్నను ధ్వని తగ్గనట్లు వినబడును. ఇంతేగాక, కొన్ని యంత్రములలో విద్యుత్తును ఏకముఖముచేయు పని కూడ వాల్వే చేయును. పెద్ద స్వరము ఒక్కసారిగా ఎక్కువ ప్రవాహమును కోరినపుడు అచ్చటి ఓల్టులు కొంచెము కుంగి, మరల లేచును. స్వరము అణగి ఊపిరి పీల్చినట్లుండును. స్పీకరు కాగితము సయితము బలమైన కదలికకు తాళలేక తనదగు రంగును చేర్చును. తుదకు గదిలోని గాలి కంపించి గిటారు తంత్రులనే తిరిగి కదలించును. అప్పుడు స్వరము ఆగక పాడుచునేయుండును. ఈ తుది సంగతి తగ్గు ధ్వనియందు ఎంతమాత్రము కలుగదు.

ఆంప్లిఫయరులను నిర్మించిన తొలివారు ఈ వికృతిని కోరలేదు. దానిని దోషముగా నెంచి తగ్గింపజూచిరి. వాదకులే దానిని గుణముగా స్వీకరించిరి. 1951లో మెంఫిస్ నగరమున రికార్డు చేయబడిన "రాకెట్ 88" అను పాటలో గరగరలాడు గిటారు వినబడును. ఆ ఆంప్లిఫయరు స్పీకరు దారిలో దెబ్బతినగా కాగితములు కూరి వాయించిరి. కాలిఫోర్నియాలో లియో ఫెండరు చేసిన బాస్‌మన్ అను యంత్రమును చూచి, లండనులో జిమ్ మార్షలు దుకాణమువారు 1962లో తమ మొదటి ఆంప్లిఫయరును చేసిరి. అది ఫెండరువారిదానికంటె త్వరగా హద్దుదాటి చిక్కని ధ్వని నిచ్చెను. 1966లో ఎరిక్ క్లాప్టను జాన్ మేయాలుగారి బృందముతో రికార్డు చేయునపుడు, స్టూడియోల వాడుకకు విరుద్ధముగా, వేదికమీదివలెనే ఆంప్లిఫయరును హెచ్చించి వాయించెను. ఆ రికార్డు వెలువడిన తరువాత ఈ ధ్వని గిటారు ధ్వనులలో నొకటిగా స్థిరపడెను.

ఇక మన చెవి సంగతి. 1933లో అమెరికాలో ఫ్లెచరు, మన్సను అనువారు, ధ్వని తగ్గిన కొలది మంద్రస్వరములయెడ చెవి యెక్కువగా మందగించునని, మిక్కిలి హెచ్చుస్వరములయెడ కూడ కొంత అట్లే యగునని కొలిచి చూపిరి. కావున యంత్రమేమియు మారకున్నను, తగ్గించిన ధ్వని మనకు పలుచగనే తోచును. కొన్ని ఆంప్లిఫయరులలో వాల్యూము నాబునకు అడ్డముగా ఒక చిన్న కెపాసిటరుండును. అది తగ్గు అంకెలవద్ద హెచ్చుస్వరములను ప్రక్కదారిని పంపును. పూర్తిగా త్రిప్పినపుడు దాని పని యుండదు. రాత్రివేళ తగ్గించి వాయించువారికి స్వరము గీచినట్లు వినబడుటకు ఒక్కొక్కచోట ఈ చిన్న వస్తువే కారణము. ఆంప్లిఫయరు చెడినదని దుకాణమునకు మోయుటకు ముందు ఈ సంగతి తలచుకొనుట మేలు.

"అట్లయిన తక్కువ వాట్ల యంత్రమును కొనిన సరిపోదా?" యని మీరడుగవచ్చును. కొంత సరిపోవును గాని మీరనుకొనినంత కాదు. వాట్లు పదియింతలైనచో చెవికి ధ్వని సుమారు రెండింతలుగా మాత్రమే తోచును. నూరు వాట్ల యంత్రమునకు పది వాట్లది సగము ధ్వని యిచ్చును, పదవ వంతు కాదు. పండ్రెండంగుళముల గిటారు స్పీకరులు పెక్కు ఒక్క వాటుతోనే మీటరు దూరమున 97 డెసిబెళ్లకు దగ్గరగా పలుకును. అనగా ఒక్క వాటు యంత్రమును పూర్తిగా హెచ్చించినను ఇరుగుపొరుగువారు వచ్చి తలుపు తట్టుదురు. 1970ల నుండి రెండు నాబులు గల యంత్రములు వ్యాపించినవి. వానిలో చిన్న వాల్వులను హద్దుదాటించి, వెనుక నాబుతో ధ్వనిని తగ్గింతురు. గరగర వచ్చును గాని పెద్ద వాల్వులును, ట్రాన్సుఫార్మరును, స్పీకరును ఆయాసపడవు గనుక ఫలము కొంత భిన్నము. ఆంప్లిఫయరునకును స్పీకరునకును నడుమ బలమును వేడిగా మార్చు పరికరమును చేర్చుట మరొక యుపాయము. అందు పెద్ద వాల్వులు పూర్తిగా పనిచేయును; స్పీకరు, చెవి, తంత్రుల తిరుగు కంపనము మాత్రము తగ్గు ధ్వనికి తగినట్లే యుండును. నా అభిప్రాయమున ఇంటిలో నేర్చుకొనువారికి అయిదు వాట్లలోపు యంత్రమును, ఇట్టి పరికరమును చాలును. నూరు వాట్లది కొనుట డాంబికము.

తండ్రికోరికయందు న్యాయమున్నదని పైన చెప్పితిని. అమెరికాలోని వృత్త్యారోగ్యసంస్థ 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదనియు, ప్రతి మూడు డెసిబెళ్ల హెచ్చునకు ఆ కాలమును సగము చేయవలెననియు నిర్ణయించినది. ఆ లెక్కను 100 డెసిబెళ్లవద్ద పదునైదు నిమిషములే. లోపలి చెవియందలి సూక్ష్మమైన రోమకణములు ఒకసారి నశించిన మరల మొలవవు. 1960లలో మార్షలువారిచేత నూరు వాట్ల యంత్రములను చేయించుకొనిన పీట్ టౌన్‌షెండు, తరువాత తనకు వినికిడి తగ్గి చెవులలో ఎడతెగని రొద కలిగెనని బహిరంగముగా చెప్పెను. చెవిలో నుంచుకొను బిరడాల వెల స్వల్పము. స్పీకరునకు ఎదురుగా, చెవి యెత్తున నిలువకుండుటకు వెలయే లేదు.

వాల్వు యంత్రమును విప్పజూచు ఉత్సాహవంతులకు ఇంకొక హెచ్చరిక. లోపల 400 ఓల్టుల పైబడి యుండవచ్చును. గోడనుండి తీగ తీసివేసిన తరువాత సయితము కెపాసిటరులలో అది కొంతకాలము నిలిచియుండి ప్రాణము తీయగలదు. తెలిసినవారు చెంతలేనిదే మూత తీయరాదు. స్పీకరు తగిలింపక యంత్రమును నడుపుటయు కూడదు, ట్రాన్సుఫార్మరు కాలిపోవచ్చును.

ఈ మార్పులో యంత్రముపాలెంత, చెవిపాలెంత యని పరీక్షింప గోరువారు ఇట్లు చేయవచ్చును. ఒకే పలుకును మొదట రెండవ అంకెవద్దను, పిదప ఎనిమిదవ అంకెవద్దను వాయించి, మైక్రోఫోను కదల్పక రెంటిని రికార్డు చేయవలెను. రెండవసారి చెవులలో బిరడాలుంచుకొనవలెను. తరువాత రెంటిని ఒకే తగ్గు ధ్వనితో వినవలెను. అప్పుడును మిగిలియున్న చిక్కదనము, నిలుకడ వాల్వులవి, స్పీకరువి. వాయించునపుడు తోచి, ఇప్పుడు కానరాని మంద్రగాంభీర్యము చెవిది.