మీకు తెలుసా? ‘పోనీ’లో దాగిన పాత ‘న్’

వెయ్యేళ్ల కిందట ఇంగ్లిషువాళ్లూ మనమూ ‘పాడటానికి’ అన్న అర్థాన్ని ఒకే తోకతో చెప్పాం. వాళ్లది ‘సింగన్’, మనది ‘పాడన్’. రాజమహేంద్రవరంలో నన్నయ భారతాన్ని తెనిగించిన 11వ శతాబ్దంలో ఇంగ్లండు రాతల్లోనూ ఈ ‘అన్’ ఉంది. రెంటికీ చుట్టరికం లేదు, కాకతాళీయమే. అయినా ఆ తర్వాత రెండూ నడిచిన దారి మాత్రం ఒకటే!

ఇంగ్లిషులో ఆ తోక అరిగి ‘సింగెన్’, ‘సింగె’ అయి, 15వ శతాబ్దం నాటికి దాదాపు వట్టి ‘సింగ్’గా మిగిలింది. అప్పుడు ఆదుకున్నది ‘టు’. దాని అసలు అర్థం ‘వైపు’. పాత ఇంగ్లిషులో ‘టో సింగెన్నె’ అనేవారు. అక్కడ క్రియకు అచ్చం మన ‘కి’ లాంటి విభక్తి చేరేది.

మన పాత ‘చూడన్ వచ్చిరి’ ఇప్పుడు ‘చూడటానికి వచ్చారు’. మనమూ ‘కి’నే పట్టుకున్నాం! వ్యాకరణంలో ‘చూడన్’ లాంటి రూపాన్ని తుమున్నర్థకం అంటారు. ‘తుమున్’ పాణిని ప్రత్యయం పేరు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగువాళ్లకు, క్రియకు ఇలా తోడుమాట చేరడానికి ఇంకో సాక్ష్యం చెవిన పడుతూనే ఉంటుంది. కోనిలోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వెళ్లడాన్ని ఛత్తీస్‌గఢీలో చెప్పాలంటే ‘పఢే బర్’ అనాలి. ‘బర్’ అంటే ‘కోసం’. హిందీ ‘పఢ్‌నే కే లియే’ కూడా అంతే.

పాత రూపం పోయిందనుకునేరు. ‘చేయ’కు ‘వలె’ చేరి ‘చెయ్యాలి’ అయింది. ‘చెయ్యలేదు’, ‘చెయ్యొచ్చు’, ‘చెయ్యకూడదు’, ‘చూడముచ్చట’ అన్నిటిలోనూ ఉన్నది అదే. రాలిపోయిన ‘న్’ కూడా ‘చెప్పనలవి’లో భద్రంగా ఉంది. రోజూ అనే ‘పోనీ’ని విప్పితే ‘పోన్’కు ‘ఈ’ చేరింది. ‘ఈ’ అంటే ‘ఇవ్వు’. పోవడానికి వీలివ్వమనడమే ‘పోనీ’. నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే మాట ఇదే.

ఇంగ్లిషులోనూ ‘కెన్’, ‘మస్ట్’ తర్వాత ‘టు’ రాదు. ఆ మాటలు పాత వట్టి రూపాన్ని వదల్లేదు. మీ పిల్లలు ‘కెన్ టు సింగ్’ అని రాస్తే కోప్పడకండి. ‘పాడగలను’ అంటాం గానీ ‘పాడటానికి గలను’ అంటామా అని అడగండి. తప్పు వాళ్లే దిద్దుకుంటారు.