గుంటూరు గ్రహణం – పసుపు గీత

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయం గుంటూరు మీదుగా సాగిన సంపూర్ణ సూర్యగ్రహణం ప్రస్తావన వచ్చినప్పుడల్లా, హీలియం ఆ రోజున అక్కడే బయటపడిందన్న మాట వినిపిస్తుంది. అందులో నిజం కొంతే. ఒక గీత కంటబడడానికీ, దాని వెనుక కొత్త మూలకం ఉన్నదని లోకం ఒప్పుకోవడానికీ మధ్య ఇరవై ఏడేళ్లు గడిచాయి. శాస్త్రజ్ఞుడి పని ఎటువంటిదో తెలుసుకోగోరేవారికి ఆ ఇరవై ఏడేళ్ల చరిత్రే ముఖ్యం.

గ్రహణ సమయంలో చంద్రబింబం అంచున ఎర్రగా ఎగసే సౌరజ్వాలలు సూర్యుడివేనని 1860లో స్పెయిన్‌లో తీసిన ఫోటోల వల్ల రుజువైనా, అవి ఏ పదార్థంతో ఏర్పడ్డాయో ఎవరికీ తెలియలేదు. ఆ రోజుల్లోనే కిర్కాఫ్, బున్సెన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు, కాంతిని రంగులుగా విడదీసే వర్ణపటదర్శినిలో చూస్తే వేడెక్కి వెలిగే ప్రతి వాయువూ తనకే ప్రత్యేకమైన మెరిసే గీతలను చూపుతుందని నిరూపించారు. అందువల్ల ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్, బ్రిటిష్ సైనికాధికారి టెన్నంట్ గుంటూరులోనూ, మద్రాసు నక్షత్రశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలోనూ పరికరాలు అమర్చుకొనే నాటికే, గీతలు కనిపిస్తే జ్వాలలు వాయువులనీ, తెంపులేని రంగుల పట్టీ కనిపిస్తే కావనీ తేల్చుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. జవాబు ఎటైనా రావచ్చునని అంగీకరించి, ఏది కనిపిస్తే ఏమని నిర్ణయించాలో ముందుగానే అనుకొని చూడడం శాస్త్రీయ పరిశీలనకు ప్రాణం.

గీతలే కనిపించాయి, వాటిలో హైడ్రోజన్ గీతలు స్పష్టంగా ఉన్నాయి. అయితే జాన్సెన్ దృష్టి వాటి కాంతి తీవ్రత మీద నిలిచింది. మామూలు రోజుల్లో జ్వాలలు కనిపించకపోవడానికి కారణం సూర్యుడి చుట్టూ ఆకాశంలో ఉండే వెలుగు. వర్ణపటదర్శిని ఆ వెలుగును అన్ని రంగుల్లోకీ పరచి పలచన చేస్తుంది గానీ, జ్వాలల కాంతి కొన్ని గీతలలోనే కూడుకొని ఉంటుంది గనుక అది పెద్దగా తగ్గదు. అలాంటప్పుడు గ్రహణం కోసం ఎదురుచూడడం ఎందుకు? మరునాటి ఉదయమే అతడు పరికరపు సన్నని చీలికను సూర్యుడి అంచుకు తగిలించి చూడగా, పట్టపగలే ఆ గీతలు దర్శనమిచ్చాయి. నిమిషాల్లో ముగిసిపోయే అరుదైన దృశ్యం, ఎవరైనా ఎప్పుడైనా సరిచూసుకోగల పరిశీలనగా మారడం అక్కడే జరిగింది. సెప్టెంబరు 19న కాకినాడ నుంచి జాన్సెన్ రాసిన ఉత్తరం పారిస్ అకాడమీకి చేరేసరికి, గుంటూరు సంగతి తెలియకుండానే ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే పద్ధతిలో అక్టోబరు 20న జ్వాలలను చూశాడు. ఫ్రెంచి ప్రభుత్వం తరువాత ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించడం అరుదైన ఔదార్యమే.

ఇక పసుపు గీత. గ్రహణం నాడు టెన్నంట్ దానిని సోడియం గీతగానే భావించాడు. పోగ్సన్ అది సోడియం స్థానంలోనో, దాని దగ్గరనో ఉన్నదని రాసుకొన్నాడు. కొద్ది నిమిషాల చీకటిలో అంతకు మించి కొలవడం కష్టం. తీరికగా కొలిచే వీలు చిక్కిన లాకియర్, సోడియం జంట గీతల తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్లు కాగా ఈ గీత 587.5 దగ్గర విడిగా ఉన్నదని గుర్తించాడు. అంతమాత్రాన కొత్త మూలకమని చాటలేదు. హైడ్రోజనే వేరే ఉష్ణోగ్రతలో, వేరే పీడనంలో ఆ గీతను ఇస్తుందేమోనన్న సందేహంతో రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లాండ్‌తో కలిసి ప్రయోగాలు చేశాడు. హైడ్రోజన్ ఎంతకూ ఆ గీతను ఇవ్వలేదు. అప్పటికీ చాలామంది నమ్మలేదు. భూమి మీద ఎవరి చేతికీ అందని మూలకాన్ని ఒక్క గీతను బట్టి ఒప్పుకోవడానికి వెనుకాడిన వారిని మూర్ఖులని కొట్టిపారేయడం తగదు, ఆ వెనుకంజ కూడా శాస్త్రంలో భాగమే.

1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న క్లీవైట్ ఖనిజాన్ని ఆమ్లంతో వేడిచేసి, ఆర్గాన్ కోసం వెతుకుతూ, వెలువడిన వాయువులో అదే పసుపు గీతను చూశాడు. చూసీ తానే తీర్పు చెప్పక, నమూనాను విలియం క్రూక్స్‌కు పంపి కొలిపించాడు. అది సూర్యుడిలో కనిపించిన గీతేనని తేలింది. ఈ చరిత్రను బట్టి, హీలియం ఆవిష్కరణలో లాకియర్, రామ్సేల వాటాను తీసి గుంటూరుకు కట్టబెట్టడం సరికాదు. గ్రహణంతో పని లేకుండా సౌరజ్వాలలను చూసే పద్ధతి మొదటిసారి అమలైన ఊరు గుంటూరు. ఈ విషయం రాసేవారు ఆ ఘనతనే చెప్పడం న్యాయం.