దారిలేని గుట్టపైకి

బాలలారా! గణపవరము చుట్టును కనుచూపుమేర గుట్ట కానరాదు. అయినను ఉత్తరమున దేవరపల్లి చెంత, గౌరీపట్నము, దుద్దుకూరు మెరకలలోని నల్లరాయి, సుమారు 6.5 కోట్ల ఏండ్ల క్రిందట భూగర్భమునుండి పొంగిన లావా చల్లారి ఏర్పడినది.

ఇట్టి గుట్టలపై బాట యుండదు. ఋతువు నెరిగి నడువవలెను. వేసవిలో నల్లరాయి కాగి అరికాళ్లు బొబ్బలెక్కును. వానకాలమున రాయి జారును. రాయి తీసిన గోతులు నీటితో నిండి లోతు తెలియనీయవు. వాని దరి చేరరాదు. కార్తికము కడచినది మొదలు రథసప్తమి వరకు అనుకూలము. మంచు విడిన పిదపనే బయలుదేరుడు.

ఊరివాని తోడు, త్రాగునీరు తప్పనిసరి. ఎక్కకముందే మరలు వేళ నిర్ణయింపుడు. ఆ వేళ కాగానే, కొన పదియడుగుల దూరముననున్నను దిగిరండు. ఎక్కి, దిగి, ఇల్లు చేరినవాడే నేర్పరి.