తియ్యని ద్రాక్షాసవములు: ఏటి ఈవలి గట్టు, ఆవలి గట్టు

ఫ్రాన్సు దేశములో బోర్డో నగరమునకు ఆగ్నేయముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున సొటెర్న్ అను చిన్న సీమ కలదు. భోజనానంతరము కొద్దికొద్దిగా సేవించు తీపి వైనులలో అచ్చటి సరకు, అందును షాటో డికెమ్ అను తోట సరకు, మిక్కిలి పేరుమోసినది. 1811వ సంవత్సరపు డికెమ్ సీసా ఒక్కటి 2011లో 75,000 పౌండ్లకు అమ్ముడుపోయినది. ఇంత వెలకు కారణమేమి? ఆ జాతి రుచి సామాన్యుని చేతికందు మార్గమేదైన కలదా? ఇదియే నేటి ప్రసంగ విషయము. త్రాగుడును ప్రోత్సహించుట నా ఉద్దేశము కాదు. రుచి యెక్కడ పుట్టినదో, వెల యెక్కడ పుట్టినదో వేరుచేసి చూడవలెనని మాత్రమే.

సిరోన్ అను చిన్న యేరు అడవి నీడలలో పారి, చల్లని నీటితో వచ్చి గరోన్ నదిలో కలియును. గరోన్ నీరు కొంత వెచ్చన. శరత్కాలమున ఈ రెండును కలియుచోట రాత్రివేళ పొగమంచు లేచి తోటలను కప్పును. ప్రొద్దెక్కిన పిమ్మట ఎండ కాసి ఆ తేమను ఆరబెట్టును. ఈ తడిపొడుల నడుమ బోట్రైటిస్ అను బూజు పండిన ద్రాక్షలకు పట్టును. అది తొక్కను సూక్ష్మముగా తొలిచివేయుటచేత పండులోని నీరు ఆవిరియై పోయి, చక్కెరయు పులుపును చిక్కబడును. క్రొత్త పరిమళములు పుట్టును. ఫ్రెంచివారు దీనిని ఉదాత్తమైన కుళ్ళు అందురు. కుళ్ళులో ఉదాత్తత యేమిటని మనకు నవ్వు రావచ్చును. కాని ఎండ రాక తేమయే నిలిచెనా, ఆ బూజే తోటనంతను పాడుచేయును.

బూజు గుత్తియంతటికి ఒక్కమారుగా పట్టదు. కూలీలు ఒకే తోటలో పలుమార్లు తిరిగి, ముడుతలుపడిన గింజలనే ఏరవలెను. డికెమ్ తోటలో తీగ ఒక్కింటికి ఒక గ్లాసు వైను మాత్రమే వచ్చునని వాడుక. ఇంత చేసినను అక్టోబరు వానలకు పంట పోవచ్చును. 1992లోను, 2012లోను పండిన పంట తమ పేరునకు తగదని తలచి, డికెమ్ యజమానులు ఆ పేరిట వైనును విడుదల చేయనేలేదు. ఏడాది రాబడిని చేజేతుల వదలుకొనుట సామాన్యమా? కావున ఆ వెలలో కొంత న్యాయమైనదే. తక్కినది పేరునకు చెల్లించు కప్పము. 1855లో బోర్డో వైనులను తరగతులుగా విభజించినపుడు ఈ సీమలో డికెమ్‌ను ఒక్కదానినే అన్నిటికి పైమెట్టున నిలిపిరి. ఆ పట్టిక పలుకుబడి నేటికిని తగ్గలేదు.

ఇక రుచి చూచు తీరు. చిన్న గ్లాసులో, 10 నుండి 12 డిగ్రీల చల్లదనమున పోయుదురు. మరీ చల్లనైనచో పరిమళము ముడుచుకొనిపోవును. వెచ్చనైనచో తీపి బరువెక్కును. లేతదైనచో పసిడి వన్నె, ఏండ్లు గడచినచో తేనె వన్నె. వాసనలో ఆప్రికాట్ పండు, తేనె, నారింజ తొక్క, ఒక్కొక్కప్పుడు కుంకుమపువ్వు తోచును. లీటరుకు 120 గ్రాములు, అంతకు మించియు చక్కెర యుండును. అయినను మొగము మొత్తదు. ఏలననగా ఆ తీపి వెనుక పులుపు నిలిచియున్నది. మన నూజివీడు రసాలకును పంచదార పాకమునకును గల భేదము నెరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మ్రింగిన పిదప నాలుక జిగటగా నున్నదా, తేటపడి మరియొక గుక్క కోరుచున్నదా? మంచి చెడ్డలు నిర్ణయించుటకు సీసాపై చీటీకన్న ఈ పరీక్షయే మేలు.

పొగమంచు ఏటి యొడ్డుననే ఆగిపోదు గదా. గరోన్ ఆవలి గట్టున లూపియాక్, కాడియాక్, సాంత్ క్రువా ద్యు మోఁ అను సీమలు కలవు. అచ్చటను సెమియోన్, సోవిన్యోన్ ద్రాక్షలే, బూజును అదే. సొటెర్న్‌లో హెక్టారుకు 25 హెక్టోలీటర్లకు మించి తీయరాదని నిబంధన. ఆవలి గట్టున 40 వరకు చెల్లును. కావున చిక్కదనము కొంత తగ్గవచ్చును, వెల మాత్రము చాల తగ్గును. తూర్పున బెర్జెరాక్ పట్టణమునకు దక్షిణముగా నున్న మోన్‌బజియాక్ నా దృష్టిలో ఇంకను మేలైన బేరము. అచ్చటివారు 1993 నుండి యంత్రపు కోతను నిషేధించి చేతి యేరుడును నియమము చేసికొనిరి. డికెమ్ వెలలో పదియవ వంతుకన్న తక్కువకే మంచి సీసా దొరకును.

సొటెర్న్ పేరే కావలెనన్నచో పెద్ద తోటల రెండవ రకమును అడుగవలెను. షాటో స్యుద్విరో వారి కాస్తెల్నో అట్టిది. హంగెరీలోని తొకాయ్ సీమలో బూజు గింజలను వేరుగా ఏరిచేయు అసూ వెల యెక్కువ. మంచి గింజలును బూజు గింజలును కలిపి యొత్తిన సొమొరొద్నికి అంత వెల యుండదు. ఆస్ట్రేలియాలో డి బోర్టోలి వారు 1982 నుండి సెమియోన్ తోనే ఇట్టి వైను చేయుచున్నారు; నేడు దాని పేరు నోబుల్ వన్. చవుకలో దొరకు మస్కట్‌లు పెక్కింటిలో పులియుటను నడుమ నాపి సారాయము కలుపుదురు. అవి రుచికరములే గాని జాతి వేరు; సొటెర్న్‌కు బదులుగా కొన్నవారు నిరాశపడుదురు.

వీటిని 375 మిల్లీలీటర్ల అరసీసాలలోను అమ్ముదురు. తీపి వైను ఒకరికి రెండు మూడు గుక్కలకు మించి పట్టదు గనుక అరసీసా ఆరుగురికి సరిపోవును. మిగిలినచో బిరడా బిగించి శీతలపేటికలో నుంచిన, కొన్ని దినముల వరకు చెడదు.