జూన్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చాలదు

మన ట్రస్టుకు వచ్చే ఉపకార వేతనాల దరఖాస్తులను పరిశీలించే పనిలో కొన్నేళ్లుగా నేనూ కూర్చుంటున్నాను. ఫారం తెచ్చిన తండ్రిని "మీ అబ్బాయి క్లాస్ టీచరు ఎవరండీ?" అని అడిగితే చాలామంది పక్కనున్న పిల్లవాడి ముఖం చూస్తారు. అడ్మిషన్ కోసం జూన్‌లో, రిజల్టు కోసం ఏప్రిల్‌లో స్కూలు గడప తొక్కుతాం. నడుమ నెలల్లో మన జాడ ఉండదు.

ఇందులో తల్లిదండ్రుల తప్పే ఉందని అనను. కంప్లి చుట్టుపక్కల నాట్లప్పుడు, కోతలప్పుడు ఒక పూట స్కూలుకు వెళితే ఆ పూట కూలి పోతుంది. ఇంకొక చిక్కు భాషది. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయిన తరువాత ఆంధ్ర వైపు నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. పెద్దవాళ్లకు కన్నడ మాట్లాడటం బాగా వచ్చు, చదవటం దగ్గర ఆగిపోతారు. స్కూలు నుంచి వచ్చిన కన్నడ చీటీని చదివి చెప్పేది ఆ పిల్లవాడే. తనకు చీవాట్లు తెచ్చే వాక్యాన్ని ఏ పిల్లవాడు చదివి వినిపిస్తాడు?

చదువుకున్న ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. నా సంగతే చెబుతాను. బ్యాంకులో ప్రతి చెక్కు మీది సంతకాన్నీ స్పెసిమెన్ కార్డుతో సరిచూసి గాని పంపేవాణ్ణి కాదు. మావాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఏడాది చివర స్కూలుకు వెళితే, లెక్కల మాస్టారు ప్రోగ్రెస్ కార్డు ముందుపెట్టి "మూడు టెస్టుల్లో తప్పాడు, మీరు సంతకాలు పెడుతూనే ఉన్నారు కదా సార్" అన్నారు. ఆ మూడు సంతకాలూ నావి కావు. అచ్చం నావిలాగే ఉన్నాయి! వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. ఏడాదిలో ఒక్కసారైనా "కార్డు ఏదిరా?" అని నేను అడగలేదు. ఆ పాఠాలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి పదో తరగతి సగం గడిచిపోయింది.

కాబట్టి ఎప్పుడు వెళ్లాలో ముందే తెలుసుకుని ఉండటం మంచిది. మన కర్ణాటక స్కూళ్లలో ఏడాదికి నాలుగు ఎఫ్.ఏ.లు, రెండు ఎస్.ఏ.లు ఉంటాయి. ఆరింటికీ వెళ్లలేకపోయినా మొదటి ఎస్.ఏ. అయిన తరువాత తప్పక వెళ్లండి. అప్పటికి సగం ఏడాది చేతిలో ఉంటుంది. టీచరును మార్కులు మాత్రమే అడగవద్దు. ఏ పాఠం దగ్గర ఆగిపోయాడు, ఎన్ని రోజులు రాలేదు అని కూడా అడగండి. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు కూర్చోవాలంటే 75 శాతం హాజరు ఉండాలి. 220 పనిదినాలు అనుకుంటే 55 రోజుల వరకు మాత్రమే వెసులుబాటు. కోతలకు పది, జాతరకు మూడు, పెళ్లిళ్లకు అయిదు, జ్వరానికి పది అని కూడుకుంటూ పోతే అది ఎంత తొందరగా కరిగిపోతుందో చూడండి.

ప్రభుత్వ పాఠశాల అయితే మీకు ఇంకొక దారి కూడా ఉంది. మన రాష్ట్రంలో 2001 నుంచి ఎస్.డి.ఎం.సి.లు ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఇటువంటి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. స్కూలుకు వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయటం ఈ కమిటీ పనులు. పేరు రాయించుకుని ఇంట్లో కూర్చునే సభ్యుల వల్ల ప్రయోజనం లేదు. అమ్మలు వెళ్లినచోట మరుగుదొడ్డి, తాగునీటి సంగతులు ముందుగా చర్చకు వస్తాయని నా అనుభవం.

ఇక డబ్బు విషయం. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష జరుగుతుంది. ఎంపికైన వారికి తొమ్మిది నుంచి రెండో పి.యు.సి. వరకు ఏడాదికి రూ.12,000 చొప్పున, అంటే నాలుగేళ్లకు రూ.48,000. తల్లిదండ్రుల వార్షికాదాయం రూ.3.5 లక్షలు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి (ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు). టీచరు ఈ మాట క్లాసులో చెబుతారు, పిల్లవాడు ఇంటికి వచ్చేసరికి మరచిపోతాడు. ఆఖరి తేదీ దాటాక ఆదాయ ధృవీకరణ పత్రం పట్టుకుని పరుగెత్తిన వాళ్లను చూశాను. పిల్లల బ్యాంకు ఖాతా కూడా చూసుకోండి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే అది నిలిచిపోతుంది. ఆధార్ జోడించారా, ఆధార్‌లో, స్కూలు రిజిస్టరులో పేరు అక్షరాలు ఒక్కటేనా అన్నది తొమ్మిదో తరగతిలోనే సరిచూసుకోవాలి. మార్కుల కార్డు అచ్చయిన తరువాత దిద్దించుకోవటం పెద్ద తిప్పట.

ఈ వారం వీలు చేసుకుని స్కూలుకు వెళ్లినప్పుడు ముందు మీ ఫోన్ నంబరు చూపించమనండి. చాలా రిజిస్టర్లలో ఒకటో తరగతిలో చేర్పించిన నాటి నంబరే ఉంటుంది. ఇంట్లో చదవగలిగేది ఎవరో, అమ్మో మేనమామో అక్కో, వారి నంబరు కూడా దాని కింద రాయించండి.